బల్లార్షా నుంచి సిరొంచ: ప్రాణహిత వెంట కారులో ఏ దారిన పోవాలి?

బల్లార్షా_శీను
డిసెంబర్‌లో అమ్మానాన్నల్ని తీసుకుని మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ దాకా వెళ్ళి, కాళేశ్వరంలో దర్శనం చేసుకుని రావాలనుకుంటున్నాం. నాన్నది అసరల్లి దగ్గర పల్లె. పెళ్ళికి ముందే గని ఉద్యోగానికి ఇటు వచ్చేశాడు. సోమనూరు దగ్గర ఇంద్రావతి గోదావరిలో కలిసే చోటు ఒకసారి చూపించరా అని ఏటా అడుగుతాడు. ఏటా ఏదో ఒకటి అడ్డం పడుతోంది. ఈసారి ఎలాగైనా తీసుకెళ్ళాలి.

మ్యాప్‌లో రెండు దారులు కనిపిస్తున్నాయి. ఒకటి గోండ్‌పిప్రి, ఆష్టి, ఆలాపల్లి మీదుగా అడవిలోంచి సిరొంచ. రెండోది రాజురా, వాంకిడి, ఆసిఫాబాద్, మంచిర్యాల, చెన్నూరు మీదుగా ప్రాణహిత వంతెన దాటి సిరొంచ. రెండూ ఇంచుమించు రెండొందల కిలోమీటర్లే. మా ఆఫీసులో ఒకాయన ఆలాపల్లి రోడ్డు ఎక్కితే కారు షెడ్డుకే అంటాడు. ఇంకొకాయన అసలు అందమంతా ఆ రోడ్డు మీదే ఉందంటాడు. మాది ఎత్తు తక్కువ ఉండే కారు. నాన్నకు నడుం నొప్పి. అలాగని హైవే మీద పోయి హైవే మీదే వస్తే ఆయన ఒప్పుకోడు, అడవి చూడాలంటాడు. ఈ మధ్య అటు తిరిగినవాళ్ళు చెప్పండి, ఒకటే టెన్షన్‌గా ఉంది.

సిరొంచ_రాజన్న
మీ ఆఫీసులో రెండో ఆయన చెప్పిందే నిజం. ఆలాపల్లి నుంచి సిరొంచ దాకా వంద కిలోమీటర్లు. టేకు, ఇప్ప, తునికి, మద్ది చెట్లు రోడ్డు మీదికి వంగి ఉంటాయి. ఆలాపల్లి దగ్గరే చెట్టు కొట్టకుండా వదిలేసిన పాత అడవి ముక్క ఒకటి ఉంది, గ్లోరీ ఆఫ్ ఆలాపల్లి అంటారు. 2014లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడి టేకు మాను మొదలు దగ్గర నిలబడి తలెత్తితే కొమ్మలు మొదలయ్యే చోటు కనిపించడానికే మెడ నొప్పి పుడుతుంది. రేపన్‌పల్లి దగ్గర లోపలికి తిరిగితే కమలాపూర్ ఏనుగుల క్యాంపు. ఇవన్నీ వదిలేసి టోల్ కట్టి నాలుగు వరుసల రోడ్డు మీద పోవడానికి ప్రాణహిత పేరు ఎందుకు?

లారీ_సమ్మన్న
రాజన్నా, నువ్వు చెప్పిన చెట్లన్నీ ఉన్నాయి, కాదనను. చెట్ల కింద రోడ్డు సంగతి కూడా చెప్పు.

నేను ఆ దారిన సరుకు తోలతాను కాబట్టి చెప్తున్నా. రోడ్డుకు నంబరైతే నేషనల్ హైవేదే, 353సి. బాగుచేసిన ముక్క మీద బండి హాయిగా పోతుంది. అది అయిపోగానే అడవి ముక్క వస్తుంది. అక్కడ తారు లేచిపోయి కంకర తేలి ఉంటుంది. ఒక పక్క టైరు గుంతలో దిగితే రెండో పక్క అంచు మీద ఉంటుంది. ఎత్తు తక్కువ కారుకు కింద ఆయిల్ చాంబర్ తగలడం ఖాయం. ఫస్ట్, సెకండ్ గేర్లలోనే గంటలకు గంటలు పోవాలి. నడుం నొప్పి ఉన్న పెద్దాయన్ని అందులో కూర్చోబెడతారా?

ఇంకోటి. ఆష్టి నుంచి ఆలాపల్లి దాకా సూర్జాగఢ్ ఇనుప ఖనిజం టిప్పర్లు తిరుగుతాయి. ఒకదాని వెనక ఒకటి వరసగా. ఎర్ర దుమ్ము అద్దం మీద పేరుకుని, వైపర్ వేస్తే ఇంకా పులుముకుంటుంది. ఓవర్‌టేక్ చేద్దామంటే ముందు మరోటి.

చెన్నూరు_చందు
మా దారిన రండి. రాజురా నుంచి వాంకిడి చేరితే అక్కణ్ణుంచి మంచిర్యాల దాకా నాలుగు వరుసల రోడ్డు. మంచిర్యాల నుంచి చెన్నూరు, కోటపల్లి, అర్జునగుట్ట. అక్కడ ప్రాణహిత వంతెన దాటితే అవతల సిరొంచే. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి సిరొంచలో ఉంటారు.

సిరొంచ_రాజన్న
వంతెన మీద అద్దం దించి నది చూసి, రెండు నిమిషాల్లో ప్రాణహిత అయిపోయిందనుకోవడమేనా చందూ?

చెన్నూరు_చందు
వంతెన రాకముందు పడవ కోసం ఒడ్డున గంటలు గంటలు కూర్చున్నవాళ్ళం మేము. మా మేనత్త పురిటికి వచ్చినప్పుడు పడవలోనే దాటింది. ఆ వంతెన ఎంత పనికొచ్చిందో మాకు తెలుసు. మీకు నది నిదానంగా చూడాలనుంటే సిరొంచ ఘాట్‌లో కూర్చుని చూసుకోండి, ఎవరు వద్దన్నారు?

కాగజ్‌నగర్_కవిత
మూడో దారి ఒకటుంది, ఎవరూ చెప్పలేదు. ఆసిఫాబాద్ నుంచి కాగజ్‌నగర్, కౌటాల, చింతలమానెపల్లి మీదుగా గూడెం రండి. గూడెం దగ్గర ప్రాణహిత మీద వంతెన ఉంది. అవతల వాంగేపల్లి, అటు నుంచి అహేరి. ఆష్టి టిప్పర్ల గొడవ ఉండదు.

ఈ దారిలో ఇంకో లాభం. కౌటాల నుంచి తుమ్మిడిహెట్టికి తిరిగితే వార్ధా, వైన్‌గంగ కలిసే చోటు చూడొచ్చు. ప్రాణహిత పుట్టేది అక్కడే. అక్కణ్ణుంచి కాళేశ్వరం దాకా మొత్తం నది పొడవు 113 కిలోమీటర్లే. ఒకే ట్రిప్పులో ఒక నదిని మొదటి నుంచి చివరి దాకా చూసే అవకాశం మనకెక్కడ దొరుకుతుంది చెప్పండి? ప్రాణహిత అంటే అందరూ కాళేశ్వరం దగ్గరే చూస్తారు. అది నది చివర. మొదలు చూసినవాళ్ళు మా మండలంవాళ్ళు తప్ప ఎవరూ ఉండరు. నాకు అదే బాధ.

బల్లార్షా_శీను
కవిత అక్కా, ఈ దారి నాకు తెలియనే తెలియదు. కానీ అహేరి చేరాక మళ్ళీ సిరొంచకు ఆలాపల్లి రోడ్డే కదా?

కాగజ్‌నగర్_కవిత
అవును తమ్ముడూ, అక్కడ తప్పదు. అందుకే అహేరి చూసి అదే వంతెన మీద వెనక్కి రావాలి. లేదా తుమ్మిడిహెట్టి ఒక్కటే చూసుకుని మంచిర్యాల దారి పట్టాలి. సిరొంచ తప్పనిసరైతే రెండోదే నయం.

గద్దకన్ను
కౌటాల దాకా వచ్చేవాళ్ళు బెజ్జూరు మర్చిపోవద్దు. పెద్దవాగు మీద పాలరాపు గుట్ట ఉంది. పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెట్టే కొండ అది. తెలంగాణలో వాటి గూళ్ళు కనబడడమే అరుదు. బైనాక్యులర్ పెడితే రాతి అంచుల కింద తెల్లగా సున్నం కారినట్టు చారలు కనిపిస్తాయి. అవి రెట్టల చారలు. చార ఉన్న చోటల్లా పైన గూడో, అవి వాలే చోటో ఉంటుందని లెక్క. అటవీ శాఖ అనుమతి తీసుకునే వెళ్ళాలి. గుట్ట దగ్గర కేకలు, డ్రోన్లు అస్సలు వద్దు. గూళ్ళు కట్టే కాలంలో బెదిరిస్తే పిల్లను వదిలేసి పోతాయి.

లారీ_సమ్మన్న
శీను వాళ్ళ నాన్నకు నడుం నొప్పి అంటుంటే మీరు గుట్ట ఎక్కిస్తున్నారు.

గద్దకన్ను
ఆయన్ని ఎక్కమనలేదు సమ్మన్నా. ఇంకెవరైనా చదువుతారు కదా అని రాశాను.

హైదరాబాద్_హరి
నాదీ ఇదే ప్రశ్న, కాకపోతే ఇటు నుంచి. కరీంనగర్, మంథని మీదుగా వస్తే మంచిదా, వరంగల్, పరకాల, భూపాలపల్లి మీదుగానా? మ్యాప్‌లో అంబట్‌పల్లి దగ్గర మేడిగడ్డ బ్యారేజీ మీదుగా మహారాష్ట్రలోకి గీత కనిపిస్తోంది. సోమనూరుకు అదే దగ్గర దారిలా ఉంది. అట్నుంచి పోవచ్చా? ఇంకా, అది నక్సల్ ఏరియా కదా, ఫ్యామిలీతో రావచ్చా?

చెన్నూరు_చందు
మేడిగడ్డ మీదుగా వద్దు. 2023 అక్టోబర్‌లో బ్యారేజీ స్తంభాలు కుంగాక దాని మీద రాకపోకలు ఆపేశారు. దాన్ని నమ్ముకుని బయల్దేరితే వెనక్కి తిరగాల్సిందే. కాళేశ్వరం దగ్గర గోదావరి మీద వంతెన ఉంది, దాని మీదుగా సిరొంచ రండి.

వరంగల్ అయినా కరీంనగర్ అయినా పెద్ద తేడా లేదు. మీరు ఊళ్ళో ఏ వైపు ఉంటే ఆ వైపు నుంచి బయల్దేరండి. భూపాలపల్లి దగ్గర బొగ్గు లారీలు ఉంటాయి, అంతే.

సిరొంచ_రాజన్న
హరి గారూ, రెండో ప్రశ్నకు నేను చెప్తాను. మాది ఆ 'ఏరియా'నే. ఇక్కడ పిల్లలు బడికి పోతున్నారు, పెళ్ళిళ్ళు అవుతున్నాయి, వారానికోసారి అంగడి జరుగుతోంది. మా తాలూకాలో బోర్డులు మరాఠీలో ఉంటాయి, మాటలు తెలుగులో ఉంటాయి. దారి అడిగితే ఇంటి దాకా వచ్చి చూపిస్తారు. ఒకప్పుడు భయపడే రోజులు ఉన్నాయి, ఎక్కువ నష్టపోయింది కూడా మేమే. ఇప్పుడు చాలా మారింది. 2025 అక్టోబర్‌లో మావోయిస్టుల కేంద్ర కమిటీ స్థాయి నాయకుడే 60 మందితో గడ్చిరోలిలో లొంగిపోయాడు. పోలీసులు ఆపితే ఆధార్, బండి కాగితాలు చూపించండి, ఎక్కడి నుంచి ఎక్కడికో చెప్పండి, పంపించేస్తారు. పోలీసు క్యాంపుల ఫొటోలు తీయకండి. మా ఊరి గురించి అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదే అయితే మనసుకు కష్టంగా ఉంటుంది.

హైదరాబాద్_హరి
అర్థమైంది రాజన్న గారూ. ఇంట్లోవాళ్ళు అడుగుతారని అడిగాను. మీ జవాబే వాళ్ళకు చూపిస్తాను.

అహేరి_అనిత
రాజన్న గారు చెప్పిన దానికి ఒకటి కలుపుతాను. చీకటి పడ్డాక అడవి రోడ్డు మీద ఉండొద్దు అని మేం చెప్పేది మనుషుల భయంతో కాదు. పశువులు రోడ్డు మీదే పడుకుంటాయి. లైటు లేని ఎడ్లబండ్లు ఎదురొస్తాయి. అడవి పందులు అడ్డం పరుగెత్తుతాయి. పంక్చరైతే చుట్టుపక్కల సిగ్నల్ ఉండదు, ఫోన్ చేసి పిలవడానికి లేదు. స్టెప్నీలో గాలి ఉందో లేదో బయల్దేరే ముందే చూసుకోండి, మ్యాప్ ముందే ఫోన్‌లో దించుకోండి.

ఆలాపల్లి దాకా వచ్చేవాళ్ళు భామ్రాగఢ్ కూడా చూస్తే బాగుంటుంది. ఆలాపల్లి నుంచి అరవై పైచిలుకు కిలోమీటర్లు. ఇంద్రావతి, పాముల గౌతమి, పర్లకోట మూడు నదులూ అక్కడే కలుస్తాయి. దానికి కొంచెం ఇటు హేమల్కస. 1973లో బాబా ఆమ్టే మొదలుపెట్టిన లోక్ బిరాదరి ప్రకల్ప్ ఉంది అక్కడ. డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, డాక్టర్ మందాకిని ఆమ్టే మాడియా గోండు ఆదివాసుల మధ్యే ఉండి ఆసుపత్రి, బడి నడిపారు. 2008లో ఇద్దరికీ మెగసెసే అవార్డు వచ్చింది. మా అమ్మమ్మ కాలు విరిగినప్పుడు ఎడ్లబండిలో అక్కడికే తీసుకుపోయారట. చూడ్డానికి వెళ్ళేవాళ్ళు దాన్ని జంతు ప్రదర్శనశాల అనుకోకుండా వెళ్ళండి. అది రోగులు వచ్చే చోటు.

వానాకాలంలో మాత్రం అటు రాకండి. పర్లకోట పొంగితే భామ్రాగఢ్‌కు దారే ఉండదు.

బల్లార్షా_శీను
అనిత గారూ, భామ్రాగఢ్ ఈసారికి కుదరదు. కానీ రాసిపెట్టుకున్నాను. సోమనూరు రోడ్డు ఎలా ఉంది, ఎవరైనా చెప్పగలరా? నాన్నకు కావాల్సింది అదే.

భోపాలపట్నం_భాస్కర్
సిరొంచ నుంచి అసరల్లి దాకా రండి. అసరల్లి దాటాక సోమనూరుకు పల్లె రోడ్డు చీలుతుంది. వెడల్పు తక్కువ, ఎదురుగా ట్రాక్టర్ వస్తే ఎవరో ఒకరు దిగాలి. కారు పోతుంది, నిదానంగా పోవాలి. అక్కడ ఒడ్డున నిలబడితే ఇటు మహారాష్ట్ర, ఇంద్రావతికి అవతల మా ఛత్తీస్‌గఢ్, గోదావరికి అవతల తెలంగాణ. డిసెంబర్‌కి నీళ్ళు తగ్గి ఇసుక మేటలు బయటపడతాయి. పెద్దవాళ్ళని ఇసుకలో ఎక్కువ దూరం నడిపించకండి. నీళ్ళలో దిగొద్దు. రెండు నదుల నీళ్ళు కలిసే చోట పైకి నెమ్మదిగా కనిపిస్తుంది, కింద లాగుతుంది.

ఇంకో మాట. మళ్ళీ వెనక్కి తిరగడం ఇష్టం లేకపోతే అసరల్లి నుంచి నేరుగా పాతగూడెం రండి. ఇంద్రావతి వంతెన దాటితే మా భోపాలపట్నం. అక్కణ్ణుంచి 163 నంబర్ హైవే పట్టుకుంటే తార్లగూడ, వాజేడు. వాజేడు దగ్గర బొగత జలపాతం. ముల్లకట్ట వంతెన మీద గోదావరి దాటితే ఏటూరునాగారం, ములుగు, రామప్ప, వరంగల్. హరి గారికి ఇది బాగా పనికొస్తుంది. ఒక దారిన వచ్చి ఇంకో దారిన ఇల్లు చేరొచ్చు, మూడు రాష్ట్రాలూ తిరిగినట్టుంటుంది. శీను గారికి మాత్రం ఇది ఇంటికి వ్యతిరేక దిక్కు.

హైదరాబాద్_హరి
భాస్కర్ గారూ, ఈ రౌండ్ అదిరింది. జనవరిలో బొగతలో నీళ్ళు ఉంటాయా?

భోపాలపట్నం_భాస్కర్
ధార సన్నబడుతుంది. బొగత కోసమే అయితే ఆగస్టు, సెప్టెంబర్‌లో రావాలి, కానీ అప్పుడు సోమనూరు దారి బురద. రెండూ కావాలంటే అక్టోబర్ చివర, నవంబర్.

రాళ్ళ_మాస్టారు
అడవి కావాలి, ఆలాపల్లి రోడ్డు మొత్తం వద్దు అనే చిక్కుకు నా దగ్గర దారి ఉంది. సిరొంచలో మకాం పెట్టి వడధం దాకా పోయి వెనక్కి రండి. ఆలాపల్లి వైపే, కానీ సిరొంచకు దగ్గర. అక్కడ శిలాజాల పార్కు ఉంది. రాయిగా మారిన చెట్ల దుంగలు ఉన్నాయి. నేను బడి పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఒక పిల్ల దుంగ మీద నీళ్ళు పోసింది. తడవగానే వలయాలు, బెరడు మీది పగుళ్ళు స్పష్టంగా తేలాయి. పిల్లలు గోటితో గీకి చూశారు, రాయే. చేత్తో తట్టితే చెట్టులా మోగదు, బండలా మోగుతుంది.

ఈ తాలూకాలోని కోట అనే పల్లె పేరు మీదే ఇక్కడి రాతి పొరలకు కోటా ఫార్మేషన్ అని పేరు. జురాసిక్ కాలం నాటివి. సిరొంచ తాలూకా పోచంపల్లి దగ్గర తవ్వితే బయటపడ్డ బారాపాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. నది ఇవతల మన యామన్‌పల్లిలో దొరికిన కోటాసారస్ హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. హరి గారూ, మీరు బయల్దేరే ముందు అది చూసి వస్తే ఇక్కడి నేల చూసే తీరే మారిపోతుంది. మా పిల్లలకు డైనోసార్ అంటే సినిమాలోదే. వాళ్ళ చేను కిందే పడుకుని ఉందని చెప్పేవాళ్ళు లేరు. ఈ పార్కుకు నలుగురు వస్తే తప్ప ఎవరూ పట్టించుకోరు, దయచేసి రండి. రాళ్ళు మాత్రం ఏరుకుపోకండి.

లారీ_సమ్మన్న
మాస్టారి మాట బాగుంది. వడధం దాకా అయితే నేను కూడా వద్దనను. పొద్దున్నే పోయి, ఎండెక్కేలోపు వచ్చేయండి.

సిరొంచ_రాజన్న
సరే, నేనూ ఒప్పుకుంటా. ఎత్తున్న బండి దొరికిన రోజు మాత్రం శీను ఆలాపల్లి రోడ్డున రావాల్సిందే. రోడ్డు బాగుపడాలని మేం ఎన్నేళ్ళుగానో అడుగుతున్నాం. గర్భిణిని జిల్లా ఆసుపత్రికి తీసుకుపోవాలంటే మాకు ఉన్నది ఆ రోడ్డే. మీరు ఒకరోజు కుదుపులకు భయపడతారు, మేం ఏడాది పొడుగునా అందులోనే తిరుగుతాం. చూసినవాళ్ళు పదిమందికి చెప్తేనే కదలిక వస్తుంది.

అహేరి_అనిత
నిజం. మాకు గడ్చిరోలి ఎంత దూరమో, సిరొంచవాళ్ళకు దానికి రెట్టింపు. అందుకే వాళ్ళు జబ్బు చేస్తే మంచిర్యాల, వరంగల్ పోతారు.

చెన్నూరు_చందు
అదీ సంగతి. ఆ వంతెన గురించి నేను ఇందాక చెప్పింది ఇదే.

బల్లార్షా_శీను
అందరూ చెప్పింది కలిపి ఇలా అనుకుంటున్నాను. శుక్రవారం తెల్లవారుజామున బయల్దేరి మంచిర్యాల, చెన్నూరు మీదుగా సిరొంచ. సాయంత్రం ప్రాణహిత ఘాట్. శనివారం పొద్దున అసరల్లి, సోమనూరు, నాన్న వాళ్ళ పల్లె. ఆదివారం పొద్దున్నే వడధం, తర్వాత కాళేశ్వరం దర్శనం, రాత్రికి మంచిర్యాలలో బావ వాళ్ళింట్లో ఉండి సోమవారం ఇంటికి. తిరిగొచ్చేటప్పుడు ఓపిక ఉంటే తుమ్మిడిహెట్టి. ఇందులో ఎక్కడైనా తేడా ఉంటే చెప్పండి.

నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. కోట పేరు రాగానే అక్కడ బంధువులు ఉన్నారని ఇద్దరు ముగ్గురి పేర్లు చెప్పాడు. మాస్టారి డైనోసార్ సంగతి నమ్మలేదు, చూపిస్తేనే నమ్ముతాడట.

కాగజ్‌నగర్_కవిత
సోమవారం తుమ్మిడిహెట్టికి మధ్యాహ్నం లోపు చేరేలా చూసుకో. కౌటాలలో తినేసి వెళ్ళు, ఒడ్డున ఏమీ దొరకదు.

చెన్నూరు_చందు
కాళేశ్వరం ఆదివారం, సోమవారం రద్దీగా ఉంటుంది. గర్భగుడిలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. అభిషేకం చేయించాలనుకుంటే మాత్రం వడధం ముందురోజుకు మార్చుకుని ఆదివారం పొద్దున్నే గుడికి వెళ్ళండి. పెద్దవాళ్ళు క్యూలో ఎక్కువసేపు నిలబడలేరు.

బల్లార్షా_శీను
అమ్మ అభిషేకం చేయించాలనే అంటోంది. అయితే శనివారం పొద్దున వడధం, మధ్యాహ్నం నుంచి సోమనూరు. సరిపోతుందా?

భోపాలపట్నం_భాస్కర్
సరిపోతుంది, కానీ సోమనూరు నుంచి నాలుగున్నరకల్లా బయల్దేరండి. డిసెంబర్‌లో తొందరగా చీకటి పడుతుంది. మీ నాన్నగారి పల్లెకు ముందు వెళ్ళకండి, అక్కడ కూర్చోబెడితే లేవనివ్వరు. ముందు సంగమం, తర్వాత పల్లె.

సిరొంచ_రాజన్న
శుక్రవారం సిరొంచలో దిగగానే ఇక్కడే ఒక మెసేజ్ పెట్టు శీనూ. లాడ్జీలు నాలుగే ఉంటాయి, పెళ్ళిళ్ళ సీజన్‌లో దొరకవు. మీ అందరికీ గది నేను మాట్లాడి పెడతాను. మధ్యాహ్నం భోజనం మాత్రం ముందురోజే చెప్పాలి, అప్పటికప్పుడు అడిగితే పోహా, మిర్చి తప్ప ఏమీ ఉండవు. గోదావరి చేప తింటారా, తినరా, అది కూడా చెప్పు.

బల్లార్షా_శీను
అమ్మ తినదు. మిగతావాళ్ళందరం తింటాం.